తెలుపు అమ్మిన నలభై అయిదేళ్లు

ఉద్యోగం లేని కూతురు, ఇల్లు గడవక సతమతమవుతున్న తండ్రి. ‘నాకో కొడుకు ఉండి ఉంటే ఆదుకునేవాడు కదా’ అని ఆయన వాపోతాడు. ఆ మాట కూతురి చెవిన పడుతుంది. ఆమె ఒక క్రీము తెచ్చి రాసుకుంటుంది. ముఖం తెల్లబడుతుంది. ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వస్తుంది. తండ్రి మొహం వెలిగిపోతుంది. రెండు దశాబ్దాల కిందట దేశమంతటా టీవీల్లో నడిచిన ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటన ఇది.

నిమిషం కూడా పట్టని ఈ కథలో ఎన్ని నమ్మకాలు సర్దుకుని ఉన్నాయో చూడండి. ఇంటిని పోషించాల్సింది కొడుకు. కూతురు ఆ పని చేయాలంటే ముందు ఆమె రూపం మారాలి. ఉద్యోగం తెలివిని బట్టి కాక ఒంటి రంగును బట్టి వస్తుంది. నల్లగా ఉన్నంతకాలం ఆమె బతుకు అంతంతమాత్రమే. ఈ మాటల్ని ఎవరైనా సభలో నిలబడి అంటే జనం ఊరుకోరు. ప్రకటనగా వచ్చేసరికి రోజుకు పదిసార్లు ఇంట్లో కూర్చుని చూశారు.

అందరూ ఊరుకోలేదు కూడా. అఖిల భారత ప్రజాస్వామిక మహిళా సంఘం, అంటే మనందరికీ తెలిసిన ఐద్వా, 2002లో ఆ క్రీము తయారుచేసే హిందుస్థాన్ లీవర్ కంపెనీకి ఫిర్యాదు చేసింది. అక్కడ పని జరగకపోవడంతో జాతీయ మానవ హక్కుల కమిషన్ తలుపు తట్టింది. 2003లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కల్పించుకున్నాక ఆ ప్రకటన తెరమీద నుంచి తప్పుకుంది. అదే ఏడాది కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ ఫౌండేషన్ పెట్టి ఆడపిల్లల చదువులకు స్కాలర్‌షిప్పులు ఇస్తామని ప్రకటించింది. క్రీము మాత్రం అదే పేరుతో మరో పదిహేడేళ్లు అమ్ముడైంది.

మార్కెటింగ్ చదివే విద్యార్థికి ఈ ఉదంతం ఎందుకు ముఖ్యమంటే, ఇందులో ఆ శాస్త్రం నేర్పే పాఠాలన్నీ చక్కగా అమలయ్యాయి. కొనేవాళ్లను గుంపులుగా విడదీయడం సెగ్మెంటేషన్. వాటిలో ఒక గుంపును ఎంచుకోవడం టార్గెటింగ్. ఆ గుంపు మనసులో సరుకుకు ఒక చోటు సంపాదించడం పొజిషనింగ్. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లోనే ఈ మూడూ వస్తాయి. విడదీయడానికి ఆదాయం, వయసు, ఊరు, అలవాట్లు, ఆశలు ఇలా ఎన్నో కొలతలున్నాయి. వాటి వివరాలు రాబట్టడానికి సర్వేలు చేయాలి, డబ్బు పెట్టాలి. ఆడా మగా అన్న కొలతకు అవేవీ అక్కర్లేదు. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా కంపెనీలు ముందు దాన్నే పట్టుకుంటాయి.

ఆ కొలత సరుకు స్వభావంలో లేకపోయినా ప్రకటన దాన్ని తెచ్చి అతికించగలదు. దీనికి అమెరికాలో మార్ల్‌బరో సిగరెట్టును మించిన సాక్ష్యం లేదు. 1920ల్లో అది ఆడవాళ్ల సిగరెట్టు. వసంతమంత మృదువుగా ఉంటుందన్న భావంతో మర్యాదస్తుల ఇళ్ల స్త్రీలకు అమ్మారు. 1950ల్లో పొగాకుతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయని బయటపడ్డాక ఫిల్టర్ సిగరెట్లకు గిరాకీ పెరిగింది. ఫిల్టర్ సిగరెట్టు ఆడంగులదని మగవాళ్లు మొహం తిప్పుకునేవారు. చికాగోకు చెందిన లియో బర్నెట్ ఏజెన్సీ అప్పుడు మార్ల్‌బరో ప్రకటనల్లోకి గుర్రమెక్కిన కౌబాయ్‌ని తెచ్చింది. కొన్నేళ్లకే అది మగతనానికి గుర్తుగా నిలిచిపోయింది. పొగాకుకు ఆడా మగా తేడా ఎప్పుడూ లేదు.

మన దేశంలో తెలుపు సంగతి ఇంతకంటే లోతైనది. కడుపుతో ఉన్న కోడలికి బిడ్డ ఎర్రగా పుడుతుందని కుంకుమపువ్వు కలిపిన పాలు ఇవ్వడం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పసిపిల్లకు సున్నిపిండి, మీగడ పట్టించి ‘కాస్త రంగు తేలుతుందిలే’ అనే అమ్మమ్మలున్నారు. పెళ్లిచూపులయ్యాక ‘పిల్ల బాగానే ఉంది గానీ కొంచెం చామనచాయ’ అని నసిగే పెద్దవాళ్లున్నారు. పత్రికల్లో వధువు కావలెను ప్రకటనల్లో చదువు కంటే ముందు రంగే కనిపించేది. అంటే ఈ భయాన్ని కంపెనీ పుట్టించలేదు. మనింట్లో ఉన్నదాన్నే కనిపెట్టింది. వ్యాపార భాషలో దీన్ని కన్స్యూమర్ ఇన్‌సైట్ అంటారు. కొనేవాడి మనసులో బయటికి చెప్పుకోని ముడి ఎక్కడుందో పట్టుకోవడమన్న మాట.

హిందుస్థాన్ లీవర్ 1971లో నియాసినమైడ్ అనే పదార్థంతో చేసిన మిశ్రమానికి పేటెంటు తీసుకుంది. ఇది బి3 విటమిన్‌కు చెందినది. చర్మంలో రంగునిచ్చే మెలనిన్ మీద పనిచేస్తుంది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత ప్రకటనలు చేసిన పని సామాన్యమైనది కాదు. ఇంటి నాలుగు గోడల మధ్య గొణుక్కునే మాటకు ఒక ధర వచ్చింది. ఆరు వారాలన్న గడువు వచ్చింది. డబ్బా మీద ముదురు నుంచి లేత దాకా రంగుల మెట్లు అచ్చయ్యాయి. అంతకుముందు ‘నల్లపిల్ల’ అన్నది చుట్టాలు వేసే ముద్ర. ఆ డబ్బా వచ్చాక ఆ పిల్ల తనంతట తానే అద్దం ముందు నిలబడి తాను ఏ మెట్టు మీద ఉందో కొలుచుకోవడం మొదలుపెట్టింది. ‘ఇలా ఉండాలి’ అన్న మూస, మనిషి లోపలికి దిగేది ఇక్కడే.

క్రీమును చిన్న సాషేల్లో కూడా అమ్మారు. కూలి డబ్బులతో బతికే మహిళలు సైతం కొనగలిగారు. దీని మీద ప్రపంచ స్థాయిలో ఒక పెద్ద చర్చ జరిగింది. విచిత్రమేమిటంటే చర్చలో రెండు వైపులా నిలిచిన ప్రధాన ఆచార్యులు ఒకే విశ్వవిద్యాలయం వాళ్లు. పేదల మార్కెట్టు గురించి సిద్ధాంతం చెప్పి పేరుపొందిన సి.కె. ప్రహ్లాద్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. 2004లో అలెన్ హ్యామండ్‌తో కలిసి ఫారిన్ పాలసీ పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. వీధులు ఊడ్చే ఒక పేద మహిళ ఫెయిర్ అండ్ లవ్లీ రాసుకుని గర్వపడుతోందని, తన అవసరానికి తగ్గ వస్తువు అందుబాటు ధరలో దొరకడం ఆమెకు ఎంపిక చేసుకునే శక్తినిచ్చిందని అందులో వాదించారు. అదే విశ్వవిద్యాలయంలోని అనిల్ కర్నానీ 2007లో దీనికి గట్టి జవాబు రాశారు. ఆ మహిళను వెనక్కి నెడుతున్నది రంగు మీద ఉన్న వివక్ష. ఆ వివక్షనే పెంచే సరుకు ఆమెకు బలాన్ని ఎలా ఇస్తుందన్నది ఆయన ప్రశ్న. కంపెనీకి లాభం, సమాజానికి మేలు రెండూ ఒకేసారి జరుగుతాయన్న మాట అన్నిచోట్లా చెల్లదని ఆయన తేల్చారు.

ఇద్దరి వాదనలనూ పక్కపక్కన పెట్టి చదివిన వారికి కర్నానీ మాటే నిలుస్తుంది. ఎంపిక చేసుకునే స్వేచ్ఛ గొప్పదే. కానీ ‘నువ్వు ఇలా ఉంటే చాలదు’ అని ముందు నమ్మించి, తర్వాత మందు చూపించిన చోట ఆ ఎంపికలో స్వేచ్ఛ ఎంత?

ప్రకటన చూసినంత మాత్రాన మనిషి మారిపోతాడా అన్న అనుమానం న్యాయమైనదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. మనిషి తనను తాను తూకం వేసుకోవడానికి పక్కవాళ్లతో పోల్చుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ 1954లో సిద్ధాంతీకరించారు. 1991లో మార్షా రిచిన్స్ కాలేజీ అమ్మాయిలతో చేసిన అధ్యయనం ఆ సిద్ధాంతాన్ని ప్రకటనలకు వర్తింపజేసింది. అందగత్తెలైన మోడళ్లున్న ప్రకటనలు చూశాక ఆ అమ్మాయిల దృష్టిలో అందానికి ఉండే ప్రమాణం పెరిగింది, తమ రూపం మీద ఉండే తృప్తి తగ్గింది. పోల్చుకునేది పక్కింటి అమ్మాయితో అయితే ఆ ప్రమాణం మనుషులకు అందేదే. లైట్లు, మేకప్, కంప్యూటర్ దిద్దుబాటు అన్నీ కలిసి తయారుచేసిన ముఖంతో పోల్చుకుంటే ఎవరూ నెగ్గలేరు, ఆ మోడల్ కూడా.

వీటన్నిటిలో ఎక్కువగా ఆలోచింపజేసేది పాల్ డేవిస్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ప్రయోగాలు. లెక్కల్లో చురుకైన, లెక్కలంటే ఇష్టమున్న కాలేజీ అమ్మాయిలకు కొన్ని టీవీ ప్రకటనలు చూపించారు. ఒకదానిలో మొటిమల మందు దొరికిన ఆనందంలో ఒక యువతి మంచమెక్కి గంతులేస్తుంది. మరొకదానిలో కేకు పొడి కోసం ఒకామె లొట్టలేస్తుంది. లెక్కల ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ తర్వాత పరీక్ష పెట్టి, లెక్కల ప్రశ్నలు, భాష ప్రశ్నలు రెండూ ఇచ్చి మీకు నచ్చినవి చేయండని చెప్పారు. ఆ ప్రకటనలు చూసిన అమ్మాయిలు లెక్కలను తప్పించుకుని భాష వైపు మొగ్గారు. గణితం అవసరమయ్యే వృత్తుల మీద వాళ్ల ఆసక్తి కూడా తగ్గింది. ‘ఆడపిల్లలు ఇలా ఉంటారు’ అన్న గుర్తు మనసులో ఒకసారి మెదలడమే చాలింది. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న లక్షల మంది తెలుగు అమ్మాయిలు రోజూ చూసే తెర మీద ఏముందన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఏముందో లెక్కతో సహా చెప్పే నివేదిక ఒకటుంది. యునిసెఫ్, జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2019లో భారతదేశంలో టీవీ, యూట్యూబ్‌లలో వచ్చిన వెయ్యికి పైగా ప్రకటనలను విశ్లేషించి 2021లో ఫలితాలు విడుదల చేశాయి. మొదటి అంకెలు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. తెర మీద కనిపించే సమయంలో 59.7 శాతం, మాట్లాడే సమయంలో 56.3 శాతం ఆడ పాత్రలదే. కారణం వెతికితే అసలు సంగతి తెలుస్తుంది. శుభ్రపరిచే సరుకులు, వంట వస్తువులు, సౌందర్య సాధనాల ప్రకటనలు ఎక్కువ. అవి ఆడవాళ్లకే చూపించేవి. తల్లిదండ్రులుగా కనిపించిన పాత్రలు ఆడవాళ్లలో 18.7 శాతం కాగా మగవాళ్లలో 5.9 శాతం. పిల్లలున్న మగవాడు ప్రకటనల్లో అంత అరుదు. ఆడ పాత్రల్లో మూడింట రెండు వంతులు తెలుపు, లేత చామనచాయ రంగులవే. మగ పాత్రల్లో ఆ వాటా 52.1 శాతం.

‘ఉన్నదే చూపిస్తున్నాం’ అన్నది ప్రకటనల వాళ్లు ఇచ్చే జవాబు. ఇందులో కొంత నిజముంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. అయితే తెర మీది ఇంటిపనికీ నిజం ఇంటిపనికీ పోలికే లేదు. నిజంలో అది నడుం నొప్పి, నిద్ర చాలకపోవడం, విసుగు. ప్రకటనలో ఆమె ఇస్త్రీ చెదరని చీరలో నవ్వుతూ మరక వదిలిస్తుంది. శ్రమను మాయం చేసి ప్రేమను మాత్రం చూపిస్తారు. అలా చూసి పెరిగిన కొడుక్కి అమ్మ అలసిపోతుందన్న ఆలోచనే రాదు.

ఆధునికంగా కనిపించే ప్రకటనల్లో కూడా ఇంటిపని ఆడవాళ్లదే అన్న ఈ ముడి బిగిసే ఉంటుంది. 2014లో వచ్చిన ఎయిర్‌టెల్ ప్రకటనలో ఒక మహిళా బాస్ తన కింద పనిచేసే ఉద్యోగికి గడువు లోపల పని పూర్తిచేయాల్సిందేనని చెబుతుంది. సాయంత్రం ఆమె ఇంటికెళ్లి వంట చేసి, ఆఫీసులోనే ఉండిపోయిన భర్తకు ఫోన్లో వీడియో కాల్ చేస్తుంది. ఆ భర్త పొద్దుట చూసిన ఉద్యోగే. ఆడది బాస్‌గా కనిపించిందని కొందరు మెచ్చుకున్నారు. ఆఫీసులో పై అధికారైనా ఇంటికి రాగానే గరిట ఆమె చేతికే రావాలా అని చాలామంది నిలదీశారు. దేశమంతా వాదులాడుకుంది. మార్కెటింగ్ తరగతుల్లో చర్చకు పెట్టదగ్గ ప్రకటన ఇది. ఎందుకంటే దాన్ని తీసినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. వాళ్లు ఒక మూసను గుర్తుపట్టి దాటారు, దాని వెనకే ఉన్న రెండోది వాళ్ల కంట పడలేదు.

బొమ్మను చదవడం నేర్చుకుంటే అలాంటివి కంటపడతాయి. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1970ల్లో వందలాది ప్రకటన బొమ్మలను ముందేసుకుని ఒక పుస్తకం రాశారు. ఎవరు నిలబడ్డారు, ఎవరు ఆనుకున్నారు? వస్తువును గట్టిగా పట్టుకున్నదెవరు, వేలికొసలతో తాకి ఊరుకున్నదెవరు? ఎవరి చూపు సూటిగా ఉంది, ఎవరు ఎటో చూస్తున్నారు? ఆయన వేసిన ఇలాంటి ప్రశ్నలు తీసుకుని హైదరాబాద్ పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా, లేదా విజయవాడ బందరు రోడ్డు పొడవునా హోర్డింగులు చూసుకుంటూ వెళ్తే సరిపోతుంది. నగల ప్రకటనలో తల వంచిన పెళ్లికూతురు, సిమెంటు ప్రకటనలో ఛాతీ విరిచిన మగవాడు మళ్లీ మళ్లీ ఎదురవుతారు. పైగా మన టీవీల్లో వచ్చే పెద్ద కంపెనీల ప్రకటనలు చాలావరకు ముంబైలో తయారై తెలుగు గొంతు తగిలించుకుని వస్తాయి. అందులోని ఇల్లు, ముఖం, రంగు ఏవీ మన వీధిలోవి కావు. గుంటూరు పిల్ల తనను పోల్చుకునేది ఆ ముఖంతోనే.

మగవాళ్లకు ఈ బాధ లేదనుకుంటే పొరపాటు. కూల్‌డ్రింక్ సీసా కోసం భవనాల మీద నుంచి దూకే మగాణ్ని థమ్స్ అప్ ప్రకటనలు ఏళ్ల తరబడి చూపించాయి. తెలుగులో చిరంజీవి, మహేశ్ బాబు, విజయ్ దేవరకొండ ఆ బ్రాండ్‌కు ముఖాలయ్యారు. అవి చూడ్డానికి సరదాగానే ఉంటాయి. కానీ భయపడే మగవాడికి, ఏడ్చే మగవాడికి, సన్నగా ఉండే కుర్రాడికి తెర మీద చోటు ఎక్కడుంది? పదిహేడేళ్ల కుర్రాడు జిమ్‌కు వెళ్లి ఎవరినీ అడక్కుండా డబ్బాల్లో పొడులు కొనుక్కుని తాగుతున్నాడంటే, కండలు లేకపోతే మగాడు కాదన్న మాట అతనికి ఎక్కడో ఒకచోట అందింది.

2005లో ఇమామి కంపెనీ మగవాళ్ల కోసమే ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది. అంతవరకూ మగవాళ్లు ఇంట్లో ఆడవాళ్ల క్రీమును చాటుగా రాసుకునేవారు. ఆ సంగతి పసిగట్టి, చాటుగా రాసుకోవడాన్నే ఎగతాళి చేస్తూ, మగాడికి వేరే క్రీము ఉండాలని ప్రకటనలు చెప్పాయి. షారుఖ్ ఖాన్ దానికి ప్రచారం చేశారు. ఆడవాళ్ల మీద ఉన్న ఒత్తిడి తగ్గలేదు, మగవాళ్లు కూడా వచ్చి అందులో చేరారు. ఢిల్లీలో ఒక వినియోగదారుడు ఆ క్రీమును 79 రూపాయలకు కొని, చెప్పినట్టు వాడినా రంగు మారలేదని 2013లో వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. 2024 డిసెంబరులో ఫోరం కంపెనీ ప్రకటన తప్పుదోవ పట్టించేదిగా ఉందంటూ 15 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అందులో వినియోగదారుడికి దక్కేది 50 వేలు. మిగతాది వినియోగదారుల సంక్షేమ నిధికి. మరుసటి నెలలోనే, 2025 జనవరిలో, ఆ బ్రాండ్ పేరు స్మార్ట్ అండ్ హ్యాండ్సమ్‌గా మారుతుందని ఇమామి ప్రకటించింది.

పేర్ల మార్పు 2020లోనే మొదలైంది. దానికి చాలా ముందే చెన్నైలోని విమెన్ ఆఫ్ వర్త్ సంస్థ 2009లో ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ప్రచారం ఆరంభించింది. నటి నందితా దాస్ 2013లో దానికి గొంతు కలిపారు. తెలుగు ప్రేక్షకులు ఎంతో ఇష్టపడే సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను తాను తిరస్కరించిన మాట బయటికే చెప్పారు. అయినా మార్కెట్ కదల్లేదు. 2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రంగు వివక్ష మీద ప్రపంచమంతా ఆగ్రహం చెలరేగింది. ఆ సెగ మన దాకా వచ్చింది. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ షాదీ డాట్ కామ్ రంగును బట్టి వెతికే ఏర్పాటును తీసేసింది. జాన్సన్ అండ్ జాన్సన్ కొన్ని ఫెయిర్‌నెస్ సరుకులను మానేస్తామంది. జూన్ 25న హిందుస్థాన్ యూనిలీవర్ (పాత హిందుస్థాన్ లీవర్) తన క్రీము పేరులో నుంచి ఫెయిర్ అన్న మాట తొలగిస్తామని ప్రకటించింది. జూలై మొదటి వారంలో కొత్త పేరు వచ్చింది. గ్లో అండ్ లవ్లీ.

పేరు మార్పుతో ఆ క్రీము మారలేదు. గులాబీ రంగు పెట్టెను జనం ఇప్పటికీ అదే అవసరానికి కొంటున్నారు. పల్లెటూళ్లలో కిరాణా కొట్టుకు వెళ్లి పాత పేరుతోనే అడుగుతున్నారు. అంతమాత్రాన దీన్ని తీసిపారేయనక్కర్లేదు. డబ్బా మీది రంగుల మెట్లు, రెండు ముఖాల బొమ్మ అంతకు ముందే, 2019లో పోయాయి. ‘తెలుపే అందం’ అన్న మాటను పెద్ద కంపెనీ ఏదీ ఇక బాహాటంగా అనలేని స్థితి వచ్చింది. ఇది మహిళా సంఘాలు, సాధారణ వినియోగదారులు దాదాపు రెండు దశాబ్దాలు అడిగి సాధించినది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఉన్న రూపాన్ని ప్రేమించమని 2004 నుంచి ‘రియల్ బ్యూటీ’ పేరుతో ప్రచారం చేస్తున్న డవ్ సబ్బు, ఫెయిర్ అండ్ లవ్లీ రెండూ యూనిలీవర్ గొడుగు కిందివే. ఒక గుంపుకు ఆత్మవిశ్వాసం, మరో గుంపుకు ఆత్మన్యూనత. సెగ్మెంటేషన్ పాఠంలో విద్యార్థి ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే.

మూసను వదిలితే సరుకు అమ్ముడుపోదన్న వాదన చరిత్ర ముందు నిలబడదు. 1980ల్లో నిర్మా చవక ధరతో సర్ఫ్‌ను గుక్క తిప్పుకోనివ్వనప్పుడు లింటాస్ ఏజెన్సీలో అలీక్ పదంసీ లలితాజీ పాత్రను సృష్టించారు. కవితా చౌదరి పోషించిన ఆ గృహిణి తళుకుబెళుకులు లేని మనిషి. కూరగాయల దగ్గర గీచి గీచి బేరమాడుతుంది, చవకకీ మంచిదానికీ తేడా కచ్చితంగా చెబుతుంది. గృహిణి పాత్రను ఆమె దాటలేదన్నది నిజమే గానీ, తెలివైన కొనుగోలుదారుగా ఆడదాన్ని చూపించిన ప్రకటన అది. 2013లో తనిష్క్ ప్రకటనలో చామనచాయ పెళ్లికూతురు తన చిన్నారి కూతురితో సహా పెళ్లి పీటల మీదికి నడిచింది. రెండో పెళ్లి, రంగు, బిడ్డ తల్లి అన్న మూడు విషయాలను ఒక్క మాట ఉపన్యాసం లేకుండా చెప్పిన ఆ ప్రకటనను జనం ఇప్పటికీ తలుచుకుంటారు.

2015లో ఏరియల్ సబ్బుపొడి ‘బట్టలుతకడం ఆడవాళ్ల పనేనా’ అని అడిగింది. మరుసటి ఏడాది తీసిన ప్రకటనలో, ఆఫీసు నుంచి వచ్చి ఒంటి చేత్తో ఇల్లంతా చక్కబెడుతున్న కూతుర్ని చూసి ఒక తండ్రి క్షమాపణ చెప్పుకుంటాడు. తను ఇంట్లో పని చేయకపోవడం చూసే కూతురు పెరిగిందని, అల్లుడు కూడా తన తండ్రిని చూసి అదే నేర్చుకుని ఉంటాడని అతని బాధ. ఏరియల్ ఆ మాటను ఒక్క ప్రకటనతో వదిలేయలేదు. ఏళ్ల తరబడి పట్టుకుంది. 1990ల్లో క్రికెటర్ సెంచరీ కొడితే మైదానంలోకి పరిగెత్తి నాట్యమాడిన అమ్మాయితో క్యాడ్‌బరీ దేశాన్ని మురిపించింది. 2021లో అదే ప్రకటనను తిరగేసి, మహిళా క్రికెటర్ కోసం అబ్బాయి చేత నాట్యం చేయించింది. అది ఏ పత్రికా సంపాదకీయం కంటే ఎక్కువ మందికి చేరింది.

నిబంధనలూ ఉన్నాయి. ప్రకటనల పరిశ్రమ 1985లో స్వయంగా ఏర్పాటు చేసుకున్న ఆస్కీ అనే మండలి 2014లో ఫెయిర్‌నెస్ ప్రకటనలకు మార్గదర్శకాలిచ్చింది. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపకూడదన్నది వాటి సారం. 2022 జూన్‌లో హాని చేసే జెండర్ మూసల మీద విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ఆడవాళ్లు ఇంటిపని చేస్తున్నట్టు చూపించవచ్చు. ఆ పని వాళ్లదే అన్న అర్థం మాత్రం రాకూడదు. బ్రిటన్‌లో ఇలాంటి నియమం 2019 జూన్‌లో అమల్లోకి వచ్చింది. రెండు నెలలకే అక్కడ రెండు ప్రకటనలపై వేటు పడింది. ఒకటి పిల్లల్ని చూసుకోవడం చేతకాని తండ్రులను చూపించిన ఫిలడెల్ఫియా చీజ్‌ది. మగవాళ్లు వ్యోమగాములుగా సాహసాలు చేస్తుంటే ఆడమనిషి పిల్లల బండి పక్కన కూర్చున్నట్టు తీసిన ఫోక్స్‌వ్యాగన్‌ది రెండోది. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు.

ఇప్పుడు ప్రకటన టీవీని దాటి చేతిలోని ఫోన్‌లోకి వచ్చేసింది. అక్కడ అది ప్రకటనలా కూడా కనిపించదు. తెలిసిన అమ్మాయి లాంటి ఒక ఇన్‌ఫ్లూయెన్సర్ తన గదిలో కూర్చుని సీరమ్ గురించి చెబుతుంది. కెమెరాలోని ఫిల్టర్ ముందే చర్మాన్ని నున్నగా, లేతగా చేసి ఉంచుతుంది. అంటే పోల్చుకోవడానికి బయటి మోడల్ కూడా అక్కర్లేదు, ఫిల్టర్ వేసిన మన ముఖమే చాలు. టీనేజీ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ శరీరం మీద ఉన్న అసంతృప్తిని ఇన్‌స్టాగ్రామ్ పెంచుతోందని ఫేస్‌బుక్ సొంత పరిశోధకులే రాసుకున్న సంగతి 2021లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది.

ఈ పరిస్థితి మారాల్సింది షూటింగ్ స్పాట్‌లో కాదు. అంతకు ఎన్నో వారాల ముందు, బ్రాండ్ మేనేజర్ ఏజెన్సీకి రాసిచ్చే బ్రీఫ్‌లో. ‘మా కస్టమర్ ఇరవై అయిదు నుంచి నలభై ఏళ్ల గృహిణి’ అని అక్కడ రాస్తే, దర్శకుడు ఎంత మంచివాడైనా వంటగదిలోనే కెమెరా పెడతాడు. ‘బట్టలుతికే ప్రతి మనిషీ మా కస్టమర్’ అని రాస్తే కథ మొదలయ్యే చోటే మారుతుంది. హైదరాబాద్, విశాఖ, తిరుపతి కాలేజీల్లో ఇవాళ మార్కెటింగ్ చదువుతున్న అమ్మాయిలూ అబ్బాయిలే కొన్నేళ్లలో ఆ కాగితం రాస్తారు. ఎవరి భయాన్ని ఆధారం చేసుకుని ఈ సరుకు అమ్ముతున్నాం, ఆ భయం ఈ ప్రకటన తర్వాత పెరుగుతుందా తగ్గుతుందా అన్న రెండు ప్రశ్నలు వాళ్ల పాఠ్యప్రణాళికలో లెక్కల పక్కన చేరాలి.

పాఠకుల చేతిలోనూ ఒక పని ఉంది. రంగును, ఆడతనాన్ని, మగతనాన్ని కించపరిచే ప్రకటన కనిపిస్తే దాన్ని ఫోన్లో ఫొటో తీయండి, ఏ చానల్లో ఎప్పుడు వచ్చిందో రాసుకోండి, ఆస్కీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మోసపూరితమైన హామీ అయితే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.